గుండిగల వెనకాల మాట

మా కొట్లో ధర చెప్పేది నాన్న, తేల్చేది బాబాయి. ఈ రెండూ వేరువేరు పనులని బయటివాళ్ళకి తెలియదు.

గుడివాడలో బస్సులు ఆగే చోటనే మాది పాత్రల కొట్టు. బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు నుంచి వచ్చిన బస్సు దిగితే మొదట కంటపడేవి మా బిందెలే. నాన్న ముందర గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. బాబాయి వెనకాల, అల్యూమినియం గుండిగలు బోర్లించి పేర్చిన వరస చాటున, పేపరు చదువుతూ ఉండేవాడు. కొనేవాళ్ళకి ఆయన కాళ్ళు మాత్రమే కనబడేవి. బేరం ఎక్కడైనా బిగుసుకుంటే నాన్న, "ఇదే సైజులో ఇంకోటుందేమో చూసొస్తానండీ" అని లేచి వెనక్కి వెళ్ళేవాడు. ఇంకోటి ఎప్పుడూ ఉండేది కాదు. బాబాయి పేపర్లోంచి తలెత్తకుండా ఒక మాట అనేవాడు. నాన్న తిరిగొచ్చి, ఆ మాట అప్పుడే తనకి తట్టినట్టు, ధర దించేవాడు, లేదా దించకుండా కూర్చునేవాడు.

ఆ మాటలు రకరకాలుగా ఉండేవి. "ఆయన కొనడు, మన ధర కనుక్కుని పక్క కొట్టుకెళ్తాడు." "బిందె పట్టుకున్న తీరు చూడు, అప్పుడే ఇంటికి మోసుకెళ్తున్నట్టుంది. దిగకు." "ఆ గుండిగ అడుగు పలచన. హోటలువాళ్ళకైతే ఇవ్వకు." వాటిలో కొనేవాళ్ళకి మేలు చేసేవీ ఉండేవి, కీడు చేసేవీ ఉండేవి. ఏదైనా సరే, వెనక అన్న మాట ముందుకి రాకూడదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. పాత్రల కొట్టులో పుట్టిన పిల్లకి వేరే చెప్పాలా అనుకున్నారు.

తొంభైల్లో డిగ్రీ పూర్తి చేసి కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. డిగ్రీలో ప్రభుత్వ పాలన ఒక సబ్జెక్టు. ప్రజలకి తెలుసుకునే హక్కు ఉండాలని పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం బంటుమిల్లి నుంచి ఒకావిడ వచ్చింది. ఫంక్షన్లకి వంటలు చేస్తుంది. పెద్ద గుండిగ ఒకటి ఎంచుకుంది. బేరం బిగుసుకుంది. నాన్న వెనక్కి వెళ్ళాడు. నేను అక్కడే దుమ్ము దులుపుతున్నాను కాబట్టి బాబాయి మాట నాకూ వినబడింది. "ఆవిడ బస్సు నాలుగున్నరకి. ఇంకో కొట్టు తిరిగే టైము లేదు. దిగకు."

నాన్న ఇంకొకరికి గరిటెలు చూపిస్తుంటే ఆవిడ నా దగ్గరికొచ్చి, లోపల ఏమన్నారు పాపా అని అడిగింది. బాబాయి అన్నది అన్నట్టు చెప్పేశాను. చెప్పకుండా ఉండడానికి నాకు కారణం కనబడలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, నాకూ లోపలి సంగతులు తెలుసని ఆవిడకి తెలియాలనిపించింది.

ఆవిడ గుండిగ కిందపెట్టి తిన్నగా వరస వెనక్కి వెళ్ళింది. అప్పటిదాకా కొనేవాళ్ళెవరూ అటు వెళ్ళలేదు.

"నా బస్సు సంగతి మీకెందుకండీ? అది పోతే ఇంకో బస్సుంది."

అని వెళ్ళిపోయింది. నిజంగానే ఇంకో కొట్లో కొనుక్కుని ఇంకో బస్సుకి వెళ్ళింది. మా ముందునుంచే ఎక్కింది, గుండిగ మాకు కనబడేలా పట్టుకుని మరీ. బాబాయి పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు.

మర్నాటినుంచి నాన్న వెనక్కి వెళ్తే బాబాయి నోట ఒకటే మాట. "నీ ఇష్టం అన్నయ్యా." ఏ బేరమైనా సరే, నీ ఇష్టం అన్నయ్యా. నాన్న కాసేపు నిలబడి, ఉత్త చేతుల్తో ముందుకొచ్చి, దిగాల్సినచోట బిగిసి, బిగియాల్సినచోట దిగేవాడు. రెండు నెలలు అలాగే నడిచింది. ఆ తర్వాత పామర్రులో టిఫిన్ హోటలు పెట్టినాయన ఒక గుండిగ వెనక్కి తెచ్చాడు. అడుగు మాడి, కన్నం పడి, లోపల ఉప్మా ఇంకా అంటుకునే ఉంది. ఆయన్ని ఎలాగో బుజ్జగించి పంపాక నాన్న ఆ గుండిగ తీసుకుని వెనక్కి వెళ్ళాడు.

"దీని అడుగు పలచనని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నేనడిగినప్పుడు?"

"నీ ఇష్టమన్నానుగా."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను గరిటెల లెక్క మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ తర్వాత వాళ్ళ మధ్య మాట మళ్ళీ కుదిరింది గానీ నేను దగ్గరికొస్తే ఆగిపోయేది. నా పెళ్ళి అదే ఊళ్ళో మాస్టారితో అయింది, కొట్టు వదల్లేదు. నాన్న మోకాళ్ళు మొరాయించాక ముందర నేనే కూర్చున్నాను. వెనక్కి వెళ్ళి అడిగే వీలు లేదు కాబట్టి అన్నీ నా సొంత తెలివితోనే తేల్చాను. బేరంలో నన్ను కదిలించలేరని వీధంతా పేరొచ్చింది. అది గొప్పేననుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్తలో మా బస్సులు ఆగే చోటు మార్చేశారు. కాలవ వంతెన అవతలికి. స్తంభానికి ఒక కాగితం అతికించారు: నిపుణుల సలహా మేరకు, ప్రజల సౌకర్యార్థం. అంతే.

పొద్దున్నే కొట్ల ముందు నీళ్ళు చల్లుతాం కదా. ఆ తడి మీద తొమ్మిదింటికల్లా వందల పాదాలు పడి బురదయ్యేది. ఇప్పుడు పదకొండింటికి కూడా ఆ నేల చల్లినది చల్లినట్టే ఆరుతోంది. దిగినవాళ్ళు వంతెన అవతల కొత్తగా లేచిన పాకల్లోనే కొనుక్కుని అక్కడే తిరుగు బస్సెక్కేస్తున్నారు. గాజుల కొట్టాయన అవతల చోటు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చెప్పుల కొట్టాయన సగం తలుపే తీస్తున్నాడు. పాత్రల కొట్టు అలా మోసుకెళ్ళేది కాదు. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే మేము మూసేసుకోవాల్సిందే. బస్సు వెనక్కి రావాలి, వేరే దారి లేదు.

మా వరసలోవాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకుంటే, బస్సు మాట కన్నా నిపుణుడి మాటే ఎక్కువ నడిచింది. ఎవడా నిపుణుడు? వంతెన అవతల స్థలాలున్నవాళ్ళ బంధువని ఒకరు, ఊరు కానివాడని ఒకరు. వాడి పేరు తేలాలి అన్నారు. కొత్త చట్టం కింద అర్జీ పెడితే కాగితాలిస్తారట, నువ్వెళ్ళమ్మా అన్నారు నాతో. "నువ్వడిగితే ఫైలుతో పాటు బీరువా కూడా ఇచ్చి పంపిస్తారు" అన్నాడు చెప్పుల కొట్టాయన. పొగడ్తనుకున్నాను.

పామర్రులో బస్సు మారి బందరు జిల్లా ఆఫీసుకి వెళ్ళాను. అర్జీ పెట్టిన నెలకి పిలిచారు. అక్కడ కాగితాలిచ్చే అధికారి యాభై దాటిన ఆవిడ. బల్ల మీద మూడు గిన్నెల క్యారేజీ, మంచి సరుకు, మా దగ్గర కొన్నది కాదు. కూర్చోండమ్మా అని ఉత్తర్వు కాపీ చేతిలో పెట్టారు. స్తంభానికి అతికించిందే, ఈసారి ముద్రతో.

ఇది మాకు తెలుసండీ, ఆ సలహా కావాలి అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ప్రతి ఫైల్లో రెండు భాగాలుంటాయట. ఒకదాంట్లో వచ్చిన అర్జీలు, పోయిన ఉత్తర్వులు. రెండోది నోట్ ఫైలు. కింద గుమాస్తా నుంచి పై అధికారి దాకా ఒకరి కింద ఒకరు తమ అభిప్రాయం రాసుకుంటూ పోయే కాగితాలు. మొదటిది ఇస్తారు. రెండోది ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళకే ఇంకా తేలలేదు.

అలవాటుగా బేరం మొదలుపెట్టాను. అన్ని పేజీలు వద్దు, చివరిది చాలన్నాను. అది కూడా వద్దు, చదివి వినిపించండి చాలన్నాను. ఆవిడ నవ్వారు, దిగలేదు. కళ్ళజోడు తీసి అన్నారు.

"ఇవాళ ఇది మీకిస్తాననుకోండి. రేపటినుంచి మా కిందివాళ్ళెవరూ ఏదీ రాయరు. 'తగు నిర్ణయం కొరకు సమర్పించడమైనది' అని రాసి సంతకం పెట్టి పైకి తోస్తారు. తప్పని తెలిసినా సరే."

నాకు ఉప్మా అంటుకున్న గుండిగ కళ్ళముందు కనబడింది. నీ ఇష్టం అన్నయ్యా అన్న గొంతు వినబడింది. ఆవిడ చెప్పేది నాకు తెలిసినంతగా ఆ ఆఫీసులో ఎవరికీ తెలిసి ఉండదు. అందుకే ఒళ్ళు మండింది.

"రాసినవాళ్ళకి పోయేదేముందండీ, మొహమాటం. మాకు పోయేది కొట్లు."

"అదీ నిజమే" అన్నారావిడ. ఆ మాట అంటారనుకోలేదు. ఎదుటివాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు అనుమానం. కానీ ఆవిడ నిజంగానే ఆలోచిస్తున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ పెన్ను మూత తీస్తున్నారు, పెడుతున్నారు.

నేనూ ఆలోచించాను. మా కొట్లో ఆ రోజు నేను చేసిన తప్పేమిటి? మాట బయటపెట్టడమా, ఆ మాట బాబాయిదని చెప్పడమా? బేరం ఇంకా తేలకుండా చెప్పడమా? ఇక్కడ బేరం అయిపోయింది. బస్సు వెళ్ళిపోయింది. ఇంకా ఎవరి చెయ్యి చూసి ఎవరు బిగియాలి?

"ఒక మాట చెప్తానండీ. పేరు మీరుంచుకోండి. సంతకం, హోదా కూడా మీ దగ్గరే ఉంచుకోండి. మాట నాకివ్వండి. ఎలాగూ నిర్ణయం అయిపోయిందిగా."

నేను వచ్చిందే పేరు కోసం. దేనికోసం వచ్చానో ఆ సరుకునే వదులుకుని బేరం కుదుర్చుకోవడం నా జీవితంలో అదే మొదలు.

ఆవిడ తన చేతిలో లేదన్నారు. పై అధికారికి అప్పీలు పెట్టుకోండి, ఇప్పుడన్న మాటే అందులో రాయండి అన్నారు. కాగితం, పెన్ను ఆవిడే ఇచ్చారు.

ఇంకో నెల పైన పట్టింది. ఈసారి వెళ్ళేసరికి కాపీలు సిద్ధంగా ఉన్నాయి. సంతకాలున్నచోట తెల్ల కాగితపు పట్టీలు పెట్టి జిరాక్సు తీశారు. బందరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని చదివాను.

మొదటి నోటు మామూలుదే, రద్దీ ఎక్కువైంది గనక చోటు మార్చవచ్చునని. రెండోది పేజీ నిండా ఉంది. బస్సుకి చోటు లేకపోవడానికి కారణం బస్సు కాదట. వర్తకులు సామాను మురుక్కాలవ దాటించి మూడడుగులు రోడ్డు మీద పేరుస్తున్నారట. ఈ మధ్య కాలేజీ అమ్మాయి ఒకతె బస్సు దిగుతూ బిందెల మీద పడిందట. చోటు మారిస్తే చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు వంతెన దాటి నడవాలి, అది భావ్యం కాదట. వర్తకుల చేత ఆ మూడడుగులూ ఖాళీ చేయిస్తే చాలట. చివరి వాక్యం మాత్రం ఉన్నదున్నట్టు నాకు గుర్తు: "అయితే వర్తకులు, ముఖ్యంగా పాత్రల కొట్టువారు, చెబితే వినే రకము కారు, వారితో బేరమునకు దిగిన తేలదు."

దాని కింద పై అధికారి రాత, ఒకటే పంక్తి. చర్చించితిని, బేరము వలదు, మార్చుడు.

ఆ అమ్మాయి పడినరోజు నాకు గుర్తుంది. మోకాలు గీరుకుపోయింది. సోడా తెప్పించి తాగించాను. బిందె నొక్కుబడిందేమోనని కూడా చూసుకున్నాను.

ఆ నిపుణుడెవరో తెలియడానికి పట్టీలేమీ అడ్డం రాలేదు. ఆ చేతిరాత మా వరసలో అందరికీ తెలుసు. గుండ్రటి అక్షరాలు, తలకట్లన్నీ తోక పీకినట్టు పొడుగ్గా. ఆయన గుడివాడ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో శనివారం సాయంత్రాలు ఊరెళ్ళే బస్సు కోసం మా కొట్లోనే కూర్చునేవారు. నాన్న కాఫీ తెప్పించేవాడు. మా లైసెన్సు అర్జీ ఆయనే నింపారు. గాజుల కొట్టాయనదీ, చెప్పుల కొట్టాయనదీ కూడా ఆయనే. తర్వాత బందరు బదిలీ అయింది, ఈ మధ్యే రిటైరయ్యారు. ఊరు అవనిగడ్డ.

గుడివాడ బస్సు ఎక్కకుండా అవనిగడ్డ బస్సెక్కాను. ఎందుకెక్కానో చల్లపల్లి దాటేదాకా నాకే తెలియలేదు. కోపం కాదు. మా కాఫీ తాగుతూ మమ్మల్ని అంత బాగా ఎలా కనిపెట్టారోనని.

వసారాలో మినుములు ఎండబోస్తూ కనిపించారు. నా చేతిలో కాగితాలు చూడగానే అర్థమైపోయింది. తీసుకుని, పట్టీ ఉన్నచోట వేలు పెట్టి చూశారు.

"పేరుకి వేశారా. అక్షరాలకి కూడా వేయాల్సింది."

మంచినీళ్ళిచ్చారు. మీ నాన్నగారి మోకాళ్ళెలా ఉన్నాయన్నారు. ఇద్దరం కాసేపు మినుముల సంగతి మాట్లాడుకున్నాం. చివరికి నేనే అడిగాను. ఇది మేం చదువుతామని తెలిస్తే రాసేవారా అని.

"పాత్రల కొట్టు అని రాసేవాణ్ణా అమ్మా? మీ నాన్నగారి కాఫీ తాగినవాణ్ణి."

"అయితే అబద్ధం రాసేవారా?"

"అబద్ధమెందుకు రాస్తాను. ఏమీ రాసేవాణ్ణి కాదు."

ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ మూడడుగుల మాట ఉత్తర్వులో పెడదామని తను అన్నారట. కారణం తెలిస్తే వాళ్ళే సర్దుకుంటారేమో చూద్దామని. వర్తకులతో గొడవెందుకు, నిపుణుల సలహా అని పెట్టేస్తే పోలా అన్నారట పైవాళ్ళు. తన మాట దాచినందుకు ఆయనకి బాధ లేదు. కారణం దాచినందుకు ఉంది. నేను ఆ రెండింటినీ అప్పటిదాకా విడదీసి చూడలేదు.

లేవబోతుంటే, చూపిస్తావా మీవాళ్ళకి అని మెల్లగా అడిగారు. "గుడివాడ వస్తే ఆ వీధిలో ఇంకా నన్ను కాఫీకి పిలుస్తారమ్మా. అందుకని అడిగాను."

ఇంటికొచ్చి రెండో నోటు మొత్తం, ఒక్క ముక్క వదలకుండా, నా చేతిరాతతో తిరగరాశాను. ఆదివారం మధ్యాహ్నం అందరూ మా కొట్టు ముందు చేరారు. నిపుణుడి పేరేమిటన్నారు. ఆఫీసువాళ్ళు కప్పేశారన్నాను. కాగితం చూపించమన్నారు. చూపించను, చదువుతానన్నాను.

"నువ్వు కూడా ఆఫీసుదానివైపోయావేంటమ్మా" అన్నాడు చెప్పుల కొట్టాయన.

చదివాను. అమ్మాయి పడిన చోట అందరూ రోడ్డు మీదున్న మా బిందెలకేసి చూశారు. "ముఖ్యంగా పాత్రల కొట్టువారు" దగ్గర గొంతు తగ్గించి చదివితే ఇంకోసారి చదవమన్నారు. చదివాను. గాజుల కొట్టాయన కండువా నోటికడ్డం పెట్టుకుని నవ్వాడు. ఈ వాక్యం రాసినవాడెవడోగానీ మనల్ని బాగా ఎరిగినవాడే అన్నాడు. పేరు గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు. ఎందుకంటే అప్పటికే బేరం మొదలైపోయింది. మూడడుగులు మరీ ఎక్కువ, రెండు చాలంటాడు ఒకాయన. ముందు పాత్రలవాళ్ళు జరిపితే తర్వాత మేం అంటాడు ఇంకొకాయన. నేను కూడా రెండున్నర దగ్గర గట్టిగా నిలబడ్డాను.

అప్పుడు గుండిగల వెనకనుంచి బాబాయి లేచి ముందుకొచ్చాడు. నాకు తెలిసి అంతమంది ముందు ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"మూడు. ఆ రాసినాయన కొలిచే రాసుంటాడు." అని రోడ్డు మీదున్న బిందెల వరసలోంచి మొదటిది ఎత్తి లోపల పెట్టాడు. రెండోది నేనెత్తాను.

మురుక్కాలవ వెంబడి సున్నంతో గీత గీసుకున్నాం. గీత దాటితే సామాను తీసుకుపొమ్మని మేమే రాసిచ్చి, బస్సు మళ్ళీ ఇక్కడే ఆపమని అర్జీ పెట్టాం. ఆ మూడడుగుల సంగతి మీకెలా తెలిసిందని ఆఫీసులో అడిగారట. నిపుణుల సలహా అని మావాళ్ళు చెప్పారట. రెండుసార్లు వచ్చి కొలుచుకుని వెళ్ళారు. వానలు వెనకబట్టేసరికి బంటుమిల్లి, కృత్తివెన్ను బస్సులు మా ముందుకి తిరిగొచ్చాయి. మిగతావి ఇప్పటికీ వంతెన అవతలే ఆగుతాయి. దాని మీద ఇంకో అర్జీ నడుస్తోంది.

అవనిగడ్డ నుంచి ఆయన ఒకసారి కళ్ళ డాక్టరు కోసమని వచ్చారు. నాన్న కాఫీ తెప్పించాడు. సున్నం గీత వైపు చూసి, బాగుందన్నారు.

ఆ మరుసటేడే అనుకుంటాను, ఒక మధ్యాహ్నం ఒకావిడ పెద్ద గుండిగ బేరం చేస్తోంది. బేరం బిగుసుకుంది. ఎందుకో ఆ రోజు, ఇంకోటుందేమో చూసొస్తానండీ అని లేచాను. బాబాయి నన్ను చూసి పేపరు దించాడు. పదేళ్ళ పైమాట మా మధ్య అలా నిలబడి ఉంది. ఆయన మళ్ళీ పేపరు ఎత్తి, దాని వెనకనుంచి రెండు మాటలన్నాడు.

ముందుకొచ్చాను. లోపల ఏమన్నారమ్మా అని ఆవిడ నవ్వుతూ అడిగింది.

దీని అడుగు పలచనండీ, పెద్ద వంటకి ఆగదు, పక్కది తీసుకోండన్నాను. అది ఆవిడకి తెలియాల్సిన మాట. రెండోది చెప్పలేదు. ఆవిడ బస్సు నాలుగున్నరకి.